పిల్లల మెదడులో మచ్చ, పంది మీద నింద

పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. స్కానింగ్ తీస్తే తలలో పురుగు ఉందని తేలింది. ఈ మాట బయటికి పొక్కగానే చుట్టుపక్కలవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "మీరు పంది తింటారా?" అని. ఆ ప్రశ్నలో వైద్యం తక్కువ, కులం ఎక్కువ. పంది తినే ఇంటివాళ్ళు తమ తిండే తమ బిడ్డ తలకెక్కిందని కుమిలిపోతారు. తినని ఇంటివాళ్ళు "మేం అట్లాంటివాళ్ళం కాదు" అని సంజాయిషీ చెప్పుకుంటారు. బిడ్డకు జబ్బు నిజంగా ఏ దారిన వచ్చిందో మాత్రం ఇద్దరికీ తెలియకుండానే ఉండిపోతుంది.

ఈ జబ్బు పేరు న్యూరోసిస్టిసర్కోసిస్. మన దేశంలో పిల్లలకు ఉన్నట్టుండి ఫిట్స్ రావడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. దీన్ని అర్థం చేసుకోవడానికి మేం ఒక డాక్టర్ రాసిన పరిశోధనా పత్రాలను వరసగా ముందు పెట్టుకున్నాం. ఆమె ప్రొఫెసర్ ప్రతిభా సింఘీ. చండీగఢ్‌లోని పీజీఐలో చాలా ఏళ్ళు పిల్లల నరాల విభాగాన్ని నడిపారు. పిల్లల్లో వచ్చే మెదడు జబ్బులు, వాటి స్కానింగ్, వాటి వైద్యం మీద ఆమె పేరుతో ఉన్న పత్రాలు చాలా ఉన్నాయి. మేం వాటిలో ఒక్క పాయనే పట్టుకున్నాం: ఫిట్స్, సీటీ స్కాన్, అందులో కనిపించే చిన్న మచ్చ.

ఒక పరిశోధకురాలి పత్రాల జాబితాను చూసి ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టడం యూనివర్సిటీ సెలక్షన్ కమిటీల పని. కార్యకర్తలకూ విద్యార్థులకూ అది పనికిరాదు. ఒక ప్రశ్న తర్వాత ఇంకో ప్రశ్న ఎట్లా పుట్టింది, ఆ జవాబుల వల్ల రోగి ఇంట్లో ఏం మారింది, ఏ ప్రశ్న అసలు అడగకుండా మిగిలింది అని చూస్తే ఆ జాబితా మనకు ఉపయోగపడుతుంది. కానీ పత్రాల్లోకి వెళ్ళేముందు పురుగు సంగతి తేల్చుకోవాలి. అది తేలకపోతే మిగతాదంతా తప్పుదారి పడుతుంది.

ఇంటర్ జువాలజీ చదివినవాళ్ళకు టీనియా సోలియం గుర్తుండే ఉంటుంది. తెలుగు పుస్తకాల్లో దాన్ని బద్దెపురుగు అంటారు. ఇది పెద్దదై బతికేది మనిషి పేగులోనే. కొన్ని మీటర్ల పొడవు పెరుగుతుంది. దాని తోక భాగం ముక్కలు ముక్కలుగా తెగి మలంతో బయటికొస్తుంది. ఒక్కో ముక్కలో వేల గుడ్లు ఉంటాయి. బయట తిరిగే పంది ఆ మలాన్ని తింటే గుడ్లు దాని ఒంట్లో చిన్న నీటి తిత్తులుగా మారి కండల్లో కూర్చుంటాయి. ఆ మాంసాన్ని సరిగా ఉడికించకుండా తిన్న మనిషి పేగులో మళ్ళీ బద్దెపురుగు పెరుగుతుంది. ఇది మొదటి దారి. ఈ దారిన వచ్చేది పేగులో పురుగు మాత్రమే. ఒకే మోతాదు మందుతో పోయే జబ్బు అది.

మెదడుకు వచ్చేది రెండో దారిన. మనిషి మలంలోని ఆ గుడ్లు పందికి బదులు మనిషి నోట్లోకే వెళ్తే, పంది కండల్లో జరిగినదే మనిషి ఒంట్లోనూ జరుగుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పేగు గోడను తొలుచుకుని రక్తంలో పడి మెదడు చేరుకుంటుంది. అక్కడ నీటి తిత్తిగా కూర్చుంటుంది. పంది మాంసంలో గుడ్లు ఉండవు, తిత్తులు ఉంటాయి. గుడ్లు ఉండేది మనిషి మలంలో. మురుగు నీళ్ళు పారించిన ఆకుకూర, సరిగా కడగని చెయ్యి, బహిర్భూమి పక్కనున్న చెలమ నీళ్ళు, పేగులో పురుగు ఉందని తనకే తెలియని మనిషి వండిపెట్టిన అన్నం, వీటి ద్వారా ఆ గుడ్లు పిల్లల నోటికి చేరతాయి. అందుకే పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని పిల్లలకూ ఈ జబ్బు వస్తుంది. ఈ మొత్తం చక్రంలో పందికి రోగం అంటించింది మనిషే. ఊరికి మరుగుదొడ్డి, మురుగు కాలువ, మంచినీళ్ళు లేకపోవడం అంటించింది అనడం ఇంకా సరైన మాట.

ఇంత స్పష్టంగా పాఠ్యపుస్తకాల్లో ఉన్నా, ఆసుపత్రిలో ఈ జబ్బును గుర్తుపట్టడానికి మన దేశంలో చాలా కాలం పట్టింది. దానికి కారణం స్కానింగ్‌లో కనిపించిన బొమ్మ. లాటిన్ అమెరికా దేశాల డాక్టర్లు రాసిన ఈ జబ్బు బొమ్మల్లో మెదడు నిండా చాలా తిత్తులు ఉండేవి. మన దేశంలో సీటీ స్కాన్ యంత్రాలు వచ్చాక ఫిట్స్‌తో వచ్చిన పిల్లల్లో, యువకుల్లో కనిపించింది వేరు. చాలామందికి ఒకే ఒక్క మచ్చ ఉండేది. రెండు సెంటీమీటర్ల లోపు ఉండేది. రక్తనాళంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీస్తే చిన్న ఉంగరంలాగానో బిళ్ళలాగానో మెరిసేది. టీబీ ఎక్కువగా ఉన్న దేశం కదా, డాక్టర్లు దాన్ని టీబీ గడ్డ అనుకున్నారు. నెలల తరబడి టీబీ మందులు వాడించారు. మచ్చ పోయేది. మందు పనిచేసిందనుకునేవారు.

అయితే ఏ టీబీ మందూ వాడకపోయినా ఆ మచ్చలు మాయమవుతున్నాయని కొందరు గమనించారు. పి.కె. సేథీ, ఆయన సహచరులు 1985లోనే కనిపించి మాయమయ్యే ఈ సీటీ మచ్చల గురించి ఒక పత్రం రాశారు. అసలు ముడి విప్పింది వెల్లూరు సీఎంసీ న్యూరోసర్జన్లు మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ బృందం. కొందరు రోగుల మచ్చలను ఆపరేషన్ చేసి తీసి మైక్రోస్కోపు కింద పెడితే అందులో టీబీకి బదులు చస్తున్న పురుగు కనిపించింది. ఆ సంగతి 1989లో లాన్సెట్‌లో అచ్చయింది. మచ్చ పరిమాణం, వాపు ఎంత ఉంది, రోగి లక్షణాలు ఏమిటి అన్నవి చూసి, పుర్రె తెరవకుండానే ఇది పురుగా, వేరే గడ్డా అని చెప్పగలిగే కొలమానాలను కూడా వాళ్ళే తయారుచేసి పరీక్షించారు. చిత్తూరు నుంచి, రాయలసీమ మిగతా జిల్లాల నుంచి తల జబ్బు అనగానే వెల్లూరు బండి ఎక్కే అలవాటు మనవాళ్ళకు ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసిన డాక్టర్ జె.ఎం.కె. మూర్తి కూడా ఇలా ఒకే మచ్చ ఉన్నవాళ్ళకు మూర్ఛ ముందుముందు ఎట్లా ఉంటుందో చాలా కాలం గమనించి 1998లో రాశారు.

ఒక విషయం ఇక్కడ చెప్పుకోవాలి. ఫిట్స్ ఎక్కువగా వచ్చేది పురుగు బతికున్నప్పుడు కాదు, అది చచ్చేటప్పుడు. బతికున్న తిత్తి శరీరం కన్నుగప్పి ఏళ్ళపాటు నిశ్శబ్దంగా కూర్చోగలదు. అది చావడం మొదలుపెట్టగానే ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాని మీద పడుతుంది, చుట్టూ వాపు వస్తుంది, ఆ చిరాకుకు మెదడు ఫిట్స్‌తో స్పందిస్తుంది. కాంట్రాస్ట్ ఇచ్చిన సీటీలో మెరిసే ఉంగరం ఆ వాపే. నీటి తిత్తి దశలో మధ్యలో చిన్న చుక్క కనిపిస్తుంది. అది పురుగు తల. ఎమ్మారైలో అది ఇంకా బాగా తెలుస్తుంది. చివరికి ఆ చోటు పూర్తిగా చదునైపోవచ్చు, లేదా సున్నం పేరుకుని తెల్లని చుక్కగా మిగిలిపోవచ్చు. సున్నపు చుక్కను సీటీయే బాగా పట్టుకుంటుంది. కాబట్టి ఎమ్మారై ఖరీదెక్కువ గనుక అన్నిటికీ అదే మేలనుకోవడం సరికాదు.

సింఘీ పత్రాలు మొదలయ్యేది ఇక్కడి నుంచి. మచ్చ పురుగుదే అని తేలింది. కానీ అది దానంతటదే పోతుంటే మందు దేనికి? అల్బెండజోల్ ఇచ్చి చస్తున్న పురుగును తొందరగా చంపితే వాపు ఎక్కువై ఫిట్స్ పెరగవా? ఈ ప్రశ్నకు ఎవరి అనుభవం వాళ్ళు చెప్పుకుంటే కుదరదు. 1998లో బరన్వాల్, సింఘీ, వారి సహచరులు పిల్లలను చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు అల్బెండజోల్, ఇంకో గుంపుకు అట్లాగే కనిపించే మందు లేని మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో చూసే డాక్టరుకూ తెలియదు, ఇంటివాళ్ళకూ తెలియదు. తర్వాత స్కాన్లు తీసి పోల్చారు. మందు తీసుకున్న పిల్లల్లో మచ్చలు తొందరగా పోయాయి. ఈ పత్రంలోనూ తర్వాతి చాలా పత్రాల్లోనూ సింఘీ పేరు పక్కన రేడియాలజిస్ట్ నిరంజన్ ఖండేల్వాల్ పేరు కనిపిస్తుంది. బొమ్మ చదివేవాడు లేకపోతే ఈ పరిశోధనే లేదు.

2000లో వచ్చిన పత్రం 500 మంది పిల్లల గురించి. జర్నల్ ఆఫ్ చైల్డ్ న్యూరాలజీలో అచ్చయింది. ఒకే ఆసుపత్రికి వచ్చిన అంతమంది పిల్లల లక్షణాలు, స్కాన్లు, మందుకు వాళ్ళెట్లా స్పందించారన్నది ఒకచోట పెట్టారు. పదిమందిలో తొమ్మిది మందికి పైగా ఫిట్స్‌తోనే వచ్చారు. ఎక్కువమందికి మచ్చ ఒక్కటే.

మాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచినవి 2003లో వచ్చిన రెండు పత్రాలు. ఒకటి, అల్బెండజోల్ ఒక వారం ఇస్తే చాలా, నాలుగు వారాలు ఇవ్వాలా అని అడిగింది. ఒక వారం ఇచ్చిన పిల్లలకూ నాలుగు వారాలు ఇచ్చిన పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండోది, ఒకే మచ్చ ఉన్న పిల్లలకు ఫిట్స్ మందులు ఏడాది వాడాలా, రెండేళ్ళు వాడాలా అని అడిగింది. మళ్ళీ ఫిట్స్ రావడంలో రెండు గుంపుల మధ్య పెద్ద తేడా లేదు. ఏడాదా రెండేళ్ళా అన్నదానికన్నా మచ్చ పోయిందా లేదా, ఈఈజీ మామూలుగా ఉందా లేదా అన్నదే ముఖ్యమని తేలింది.

ఇవి చూడ్డానికి చిన్న ప్రశ్నలు. కానీ కూలికి పోయే ఇంట్లో ఆలోచించండి. ఒక వారం మందుకూ నాలుగు వారాల మందుకూ మధ్య మూడు వారాల మాత్రల ఖర్చు ఉంది. ఏడాదికీ రెండేళ్ళకూ మధ్య పన్నెండు నెలల మందుల ఖర్చు, నెలనెలా పోగొట్టుకునే ఒక రోజు కూలి, బడిలో "ఆ పిల్లకి మూర్ఛరోగం, మందులు వాడుతోంది" అనే ఇంకో ఏడాది పుకారు ఉన్నాయి. కొత్త మందు కనిపెట్టడం పత్రికల్లో వార్త అవుతుంది. ఉన్న మందును తక్కువ రోజులు ఇస్తే చాలని నిరూపించడం వార్త కాదు. పేదవాళ్ళకు రెండోదే ఎక్కువ మేలు చేస్తుంది. ఏ కంపెనీ ఇట్లాంటి ప్రయోగానికి డబ్బు పెట్టదు, అమ్మకం తగ్గించుకోవడానికి ఎవరు ఖర్చు పెడతారు? ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఇది జరగాలి, జరిగింది.

ఆ తర్వాత 2004లో స్టెరాయిడ్లనూ అల్బెండజోల్‌నూ పోల్చారు. 2009లో అల్బెండజోల్‌కు ప్రాజిక్వాంటెల్ కలిపి చూశారు. ఇలాంటి ప్రయోగాలన్నీ పోగుపడ్డాక, 2017 నాటి అమెరికా వైద్య సంఘాల మార్గదర్శకాలు ఒకే మచ్చ ఉన్నవాళ్ళకు ఒకటి రెండు వారాల అల్బెండజోల్, దానితోపాటు స్టెరాయిడ్లు అని చెప్పే చోటికి చేరాయి. వెల్లూరు, చండీగఢ్ లాంటి చోట్ల పేద పిల్లల తలల స్కాన్ల నుంచి పుట్టిన జ్ఞానం అది.

ఇప్పుడు ఈ పత్రాలు అడగని ప్రశ్నకు వద్దాం. ఇలాంటి ప్రయోగాల పట్టికల్లో పిల్లల వయసు, ఆడా మగా, ఫిట్స్ ఏ రకం, మచ్చ ఎంత పరిమాణం, మెదడులో ఏ వైపు అన్న గళ్ళు ఉంటాయి. కులం గడి ఉండదు. ఇంట్లో మరుగుదొడ్డి ఉందా, తల్లి ఏం పని చేస్తుంది అన్నవి అరుదు. మందు పనిచేస్తుందా అని తేల్చడానికి ఆ గళ్ళు అక్కర్లేదని డాక్టర్లు అంటారు, ఒక మేరకు నిజమే. కానీ అదే పట్టికలో "ఫాలోఅప్‌కు రానివారు" అని ఒక వరస ఉంటుంది. ప్రయోగంలో చేరి, మధ్యలో రావడం మానేసిన పిల్లలు. గణాంకాల్లో వాళ్ళు ఒక అంకె. రెండో స్కాన్‌కు, మూడో స్కాన్‌కు పెద్ద ఊరు రాలేకపోయినవాళ్ళు ఎవరై ఉంటారో మన విద్యార్థులు ఎవరైనా ఊహించగలరు. ఇంకా లోతుకు పోతే, ఆ మొదటి స్కాన్ దాకా కూడా రాని పిల్లలు ఏ పట్టికలోనూ లేరు. గాలి సోకిందని తాయెత్తు కట్టిన దగ్గరే వాళ్ళ కథ ఆగిపోయి ఉంటుంది.

ఆసుపత్రి దాటి ఊళ్ళోకి వెళ్ళిన పరిశోధనలూ ఉన్నాయి. వెల్లూరు జిల్లాలో రాజశేఖర్ బృందం సుమారు యాభై వేల మంది ఉన్న ఇళ్ళకు ఒక్కో గడప తొక్కి మూర్ఛ ఉన్నవాళ్ళను వెతికింది. 2006లో అచ్చయిన ఆ పత్రం ప్రకారం చురుగ్గా మూర్ఛ ఉన్నవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరికి కారణం ఈ పురుగే. లక్నో దగ్గర మోహన్‌లాల్‌గంజ్‌లో పందుల పెంపకందార్ల మధ్య కె.ఎన్. ప్రసాద్ బృందం చేసిన సర్వే 2007లో వచ్చింది. దాదాపు అయిదుగురిలో ఒకరి పేగులో బద్దెపురుగు ఆనవాళ్ళు దొరికాయి.

ఈ రెండో అంకెను మేం దాచిపెట్టదలచుకోలేదు. దీన్ని "చూశారా, వాళ్ళే రోగం పంచుతున్నారు" అని వాడుకునేవాళ్ళు ఉంటారని తెలిసే చెబుతున్నాం. పురుగు గుడ్లు ఎక్కువ ఉన్నచోట మొదట దెబ్బతినేది ఆ ఇంటి పిల్లలే. అంటే ఎరుకల ఇళ్ళకూ, పందులు మేపి బతికే మిగతా కులాల ఇళ్ళకూ ఎక్కువ వైద్యం, ఎక్కువ మరుగుదొడ్లు, ఎక్కువ నీళ్ళు బాకీ ఉన్నాయని ఆ అంకె అర్థం. మన పట్టణాల్లో జరుగుతున్నది దానికి తలకిందులు. జబ్బుల మాట రాగానే మున్సిపాలిటీలు పందులను పట్టే బండ్లు పంపుతాయి, పెంపకందార్లను ఊరి బయటికి నెడతాయి. మలం మాత్రం అక్కడే ఉంటుంది.

నింద ఎట్లా పనిచేస్తుందో చూడ్డానికి న్యూయార్క్ కథ ఒకటి ఉంది. బ్రూక్లిన్‌లోని సనాతన యూదు కుటుంబాలు మతం ప్రకారం పంది మాంసం ముట్టవు. అట్లాంటి ఇళ్ళలో కొందరికి మెదడులో ఈ పురుగు బయటపడిందని 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పీటర్ షాంట్జ్ బృందం రాసింది. గుడ్లు లాటిన్ అమెరికా నుంచి వచ్చి ఆ ఇళ్ళలో పనిచేస్తున్న మనుషుల నుంచి చేరి ఉంటాయని వాళ్ళు తేల్చారు. పంది తినకపోతే చాలు అనే నమ్మకం ఈ పత్రంతో కూలిపోవాలి. కానీ దీన్ని చదివినవాళ్ళలో కొందరికి తట్టే పరిష్కారం పనిమనిషిని మాన్పించడం. రెండు గ్లాసుల పద్ధతిని చూసిన మనకు ఆ ఆలోచన ఎక్కడికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు. పేగులోని బద్దెపురుగుకు ఒక్క మోతాదు ప్రాజిక్వాంటెల్ లేదా నిక్లోసమైడ్ చాలు, అదీ డాక్టర్ చూసి ఇస్తే. పనిమనిషికి వైద్యం చేయించడం ఆమెను తీసేయడం కన్నా చవక, న్యాయం కూడా.

గుడ్లు ఉండేది మలంలో అని ఒప్పుకున్నాక, ఆ మలంలో చెయ్యి పెట్టే పని ఎవరిదన్న ప్రశ్న తప్పించుకోలేం. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు మ్యాన్‌హోళ్ళలో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వమంది. 2023లో ఇంకో తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. ఇవన్నీ చావు లెక్క. ఆ పని చేసి ఇంటికొచ్చిన మనిషికి చేతులు కడుక్కోవడానికి సబ్బూ నీళ్ళూ పని చోటే ఇచ్చారా, ఏడాదికోసారి మలపరీక్ష చేయించారా అన్న బతుకు లెక్క ఎవరూ రాయడం లేదు. ఉత్తరాంధ్ర పట్టణాల్లో రెల్లి పేటల పక్కన, తెలంగాణ పట్టణాల్లో మాదిగ బస్తీల పక్కన పిల్లల ఫిట్స్ మీద ఒక మంచి సర్వే చేయగల మెడికల్ విద్యార్థులు ఇప్పుడు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్ష గురించి 2007లో థోరాట్ కమిటీ నివేదిక చెప్పింది. ఎవరిని చదవనిస్తారు అన్నదాన్ని బట్టే ఏ ప్రశ్న అడుగుతారన్నది ఉంటుందని మేం అనుకుంటాం.

పంది వైపు నుంచి కూడా ఒక దారి ఉంది, దాని మీద ఎందుకో ఎవరూ మాట్లాడరు. ఆస్ట్రేలియాలో మార్షల్ లైటవ్‌లర్స్ బృందం పందులకు ఈ పురుగు పట్టకుండా ఒక టీకా తయారుచేసింది. దాన్ని సిస్‌వ్యాక్స్ పేరుతో తయారుచేస్తున్నది మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్. టీకాతోపాటు పందులకు ఆక్స్‌ఫెండజోల్ మందు ఇస్తే పురుగు చక్రం పంది దగ్గర తెగుతుంది. గొర్రెలకు, గేదెలకు ఊళ్ళోకి వచ్చి టీకాలు వేసే పశుసంవర్ధక శాఖ పందుల దగ్గరికి కూడా రావాలని ఎరుకల సంఘాలు అడగడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

ఇక పిల్లలున్న ఇళ్ళకు అక్కరకొచ్చే కొన్ని మాటలు. బడిలో నులిపురుగుల దినం నాడు ఇచ్చే మాత్ర కూడా అల్బెండజోలే, కానీ అది పేగులోని నులిపురుగుల కోసం ఇచ్చే ఒక్క మోతాదు. మెదడు జబ్బుకు బరువును బట్టి రోజూ, కొన్ని రోజులు, స్టెరాయిడ్ రక్షణతో ఇస్తారు. కంట్లో తిత్తి ఉంటే మందు వల్ల చూపు పోవచ్చు, మెదడంతా తిత్తులుండి బాగా వాచిపోయి ఉంటే పురుగును చంపే మందు ప్రాణం మీదికి తేవచ్చు. అందుకని కంటి పరీక్ష, స్కాన్ లేకుండా మందుల షాపులో కొని వేయొద్దు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళం చెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం మానేసి, పిల్లను పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆడపిల్లకు మూర్ఛ అంటే పెళ్ళి చెల్లదని బెదిరించేవాళ్ళకు, హిందూ వివాహ చట్టంలోంచీ ప్రత్యేక వివాహ చట్టంలోంచీ మూర్ఛ అన్న మాటను 1999లోనే తీసేశారని చెప్పండి.

మొదటి స్కాన్ ఫిల్మును, రిపోర్టును పారేయకండి. ఆసుపత్రి మారినా, ఊరు మారినా, వలసపోయినా వెంట ఉంచుకోండి. మచ్చ చిన్నదైందా, పోయిందా, సున్నం పట్టిందా అన్నది పాత బొమ్మ పక్కన కొత్త బొమ్మ పెడితేనే తెలుస్తుంది. ఫిట్స్ మందు ఎప్పుడు ఆపాలో డాక్టర్ నిర్ణయించేది కూడా ఆ పోలికను చూసే.